తలుపు మీది రాత

విస్తరి పైమెట్టు మీద పెట్టాలి. గరిటె కాడతో గోడకి రెండు దెబ్బలు కొట్టాలి. వెనక్కి తిరిగి చూడకుండా దిగి వచ్చెయ్యాలి. మాణిక్యాంబ కోడలికి పెట్టిన పద్ధతి అది. విస్తరాకైతే తిన్నాక చుట్టి పారేస్తే సరిపోతుంది, పళ్లెమైతే మళ్ళీ ఇంట్లోకి రావాలి కదా అంది. గ్లాసు మాత్రం స్టీలుది. దాని అడుగున ఎర్రరంగుతో ఒక చుక్క. అటక మీంచి దాన్ని దింపినప్పుడే కావేరి గుర్తుపట్టింది. పద్ధెనిమిదేళ్ళ కిందట, కొత్త కాపురంలో, నెలకి మూడు రోజులు వెనక వసారాలో చాప మీద కూర్చుని తను మంచినీళ్ళు తాగిన గ్లాసు అది. "పారెయ్యలేదు చూశావా! ఏదైనా దాచిపెడితే ఎప్పటికైనా అక్కరకొస్తుంది" అంది మాణిక్యాంబ సంబరంగా.

ఇప్పుడు ఆ గ్లాసుతో తాగుతున్నది మార్తా. పోలండ్ నుంచి వచ్చింది, ముప్పై ఏళ్ళుంటాయి. చీరాలలో మగ్గం పని నేర్చుకుందామని జనవరి నెలాఖర్లో దిగి, సముద్రం దగ్గరగా ఉంటుందని బాపట్లలో సూర్యలంక రోడ్డు మీద కావేరి భర్త మనోహర్ డాబా పైన, రేకుల గదిలో అద్దెకి చేరింది. పొద్దున్నే రైలెక్కి చీరాల వెళ్ళేది. హనుమాయమ్మ అనే నేతపని ఆవిడ పక్కన కూర్చుని, సాయంత్రానికి వేళ్ళకి రంగులతో తిరిగొచ్చేది. ఆ రెండు నెలలూ ఇంటిల్లిపాదీ ఆమెని చూసుకున్న తీరు చూడాలి! మనోహర్ రోజుకో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. "మా ఇంట్లో ఫారిన్ ఆవిడ దిగిందండి" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. మాణిక్యాంబ వెండి గ్లాసులో కాఫీ ఇచ్చి, "పాలరాతి బొమ్మలా ఉన్నావే తల్లీ" అని బుగ్గలు పుణికింది. ఎదురింటి పూర్ణచంద్రరావు మనవరాళ్ళని తీసుకొచ్చి పక్కన నిలబెట్టి ఇంగ్లీషు మాట్లాడించాడు. ఈ మర్యాదలన్నిటికీ కాఫీ కలిపిందీ, గారెలు వండిందీ, గది కడిగిందీ, దుప్పట్లు ఉతికిందీ కావేరి. ఫొటోల్లో అది పడదు కదా.

మార్చి నెలాఖర్లో రైళ్ళు ఆగాయి, విమానాలు ఆగాయి, ఊరు ఊరంతా ఆగింది. మార్తా టిక్కెట్టు రెండుసార్లు రద్దయింది. వారం తిరక్కుండా పాలరాతి బొమ్మ కాస్తా పిశాచమైపోయింది. "పేరు చూశారా, మార్తా అట! మారెమ్మే వచ్చి మన మేడెక్కింది" అని మాణిక్యాంబ నుదురు కొట్టుకుంది. "రోగాలు మోసుకొచ్చేదే వాళ్ళయ్యా. పంపించెయ్యి మనోహర్, వీధిలో పసిపిల్లలున్నారు" అన్నాడు పూర్ణచంద్రరావు, మూతికి తుండుగుడ్డ కట్టుకుని గేటు అవతల నిలబడి. ఆయన అల్లుడు అజయ్ బాబు దుబాయ్ నుంచి దిగి అప్పటికి పది రోజులు కాలేదు. ఇంటింటికీ తిరిగి ఖర్జూరాలు పంచాడు. అతన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అల్లుడాయె! పాలు పోసే జమలయ్య గిన్నె గేటు బయట పెట్టమన్నాడు. ఆశా వర్కరు వచ్చి, మార్తాకి జ్వరం చూసి, ఏమీ లేదని రాసుకుని, అయినా గేటుకి ఒక కాగితం అంటించి వెళ్ళింది. ఎక్కడివాళ్ళని అక్కడే ఉంచమని ఆఫీసరు ఫోన్లో గట్టిగా చెప్పాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మనోహర్ ఆమె సంచీ రోడ్డు మీద పెట్టి ఉండేవాడే. "ఈ జబ్బు పేరు మనం వినకముందు వచ్చిన మనిషండీ" అంది కావేరి ఉండబట్టలేక. "నీకేం తెలుసు, నువ్వూరుకో" అన్నాడు. ఆ మాట కావేరికి కొత్తదేం కాదు. అయినా ఆ రోజు ఎందుకో ముల్లులా దిగింది.

తలుపు మీద రాయించింది మాణిక్యాంబే. మేడమెట్లు పెరట్లోకి దిగుతాయి. దిగినచోటే వంటింటి వెనక తలుపు. దాని మీద "రేపు రా" అని రాయమంది. ఆవిడ రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో కాపురం చేసే రోజుల్లో ఒక ఏడాది ఊరూరా ఇదే గోలట. ఒక ఆడదెయ్యం తలుపులు కొడుతూ తిరిగేదట. మహా తెలివైంది, పరాయి గొంతుతో పిలవదు, ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది. మొదటి పిలుపుకే పలికామా, అంతే సంగతులు. మూడో పిలుపు దాకా పలక్కూడదు. తలుపు మీద రేపు రా అని రాసి ఉంటే చదువుకుని వెళ్ళిపోతుంది, మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత. "ఎన్నాళ్ళు తిరిగినా దానికి రేపు రాదు" అంది మాణిక్యాంబ. "నువ్వు రాయవే అమ్మాయ్. నీ దస్తూరీ గుండ్రంగా ఉంటుంది."

కావేరి బి.ఇడి. చదివింది. పెళ్ళికి ముందు తెనాలిలో ఏడాది పాటు పాఠాలు చెప్పింది. పెళ్ళయ్యాక ఆ గుండ్రటి దస్తూరీ కిరాణా చీటీలకీ, శుభలేఖల మీద చిరునామాలకీ పనికొచ్చింది. మళ్ళీ బడికి వెళ్తానండీ అంటే మనోహర్ ఏనాడూ వద్దనలేదు, పాపం. "రేపు చూద్దాంలే" అనేవాడు. పాప బడికి వెళ్ళాక చూద్దాం. అమ్మ మోకాళ్ళు కాస్త నయమయ్యాక చూద్దాం. పాప సాయి సుధ ఇంటరుకి వచ్చి, తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుతూ, ఈ లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుపడిపోయింది. మోకాళ్ళు ఇంకా నయం కాలేదు. కావేరి గిన్నెలో పసుపు తడిపింది. పుల్లకి గుడ్డ చుట్టి, తలుపు మీద ఆ రెండు మాటలూ పెద్ద అక్షరాలతో రాసింది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆ తలుపు చప్పుడైంది. ఊళ్ళో బండి తిరగడం లేదు, ఎప్పుడూ వినపడని సముద్రపు హోరు నట్టింట్లోకి వచ్చేస్తోంది. ఆ హోరు మధ్యన టక్, టక్. కాసేపాగి ఇంకోటి. మనోహర్ టీవీ గొంతు నొక్కేశాడు. మాణిక్యాంబ కావేరి మణికట్టు పట్టుకుని "పలకమాకు" అంది. కాసేపటికి అడుగులు మెట్లెక్కి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత నెత్తి మీద, డాబా అంతటా నడక మొదలైంది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. "విన్నావా? ఒకళ్ళ నడక కాదది, ఇద్దరిది" అంది మాణిక్యాంబ పైకి చూస్తూ. మర్నాడు మూడింటికి మళ్ళీ చప్పుడు. ఆ మర్నాడూ అంతే. గడియారం చూసుకుని వచ్చే దెయ్యం గురించి కావేరి ఎక్కడా వినలేదు. అయినా మూడవుతోందంటే ఆమె కూడా వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చేసేది.

ఆరో రోజు, అత్తగారు కునుకు తీస్తుండగా, కావేరి గుండె చిక్కబట్టుకుని గడియ తీసింది. మార్తా గబగబా నాలుగు మెట్లు వెనక్కి ఎక్కి, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, కళ్ళతో నవ్వింది. "అక్కా, రేపు వచ్చాను" అంది, మగ్గాల దగ్గర నేర్చిన తెలుగుతో. ఫోను చూపించింది. తలుపు మీద ఏముందో ఫోనుతో చదివించుకుందట. రేపు రమ్మన్నారు కదా అని మర్నాడు వచ్చిందట. తియ్యకపోతే మళ్ళీ మర్నాడు. ఈ దేశంలో ఇదొక మర్యాద కాబోలు అనుకుందట. ఇంతకీ ఆమెకి కావలసింది సూదీ దారమూ, చిరిగిన చొక్కా కుట్టుకోవడానికి.

కావేరికి నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళొత్తుకుంటూ చూసుకుంటే, అవి నవ్వు తెప్పించిన నీళ్ళలా లేవు. దెయ్యాన్ని తరమడానికి రాసిన మాటని ఒక ఆడమనిషి పిలుపనుకుని, ఆరు రోజులు వేళ తప్పకుండా వచ్చి నిలబడింది. రాసిన చెయ్యి తనదే. సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ రోజు నుంచీ మూడింటికి కావేరి కింది మెట్టు మీదా, మార్తా పై మెట్టు మీదా కూర్చునేవాళ్ళు. వచ్చీ రాని ఇంగ్లీషు ఒకరిది, వచ్చీ రాని తెలుగు ఒకరిది. ఒకనాడు మార్తా ఉన్నట్టుండి అడిగింది. "అక్కా, కింద మీరు ఎంతమంది?"

"ముగ్గురం."

మార్తా తల అడ్డంగా ఊపింది. తనకి పైనుంచి అన్నీ వినపడతాయట. పొద్దున ఐదింటి నుంచి ఒక్క మనిషే నడుస్తుందట. వంటింట్లోకి, నూతి దగ్గరికి, ముందు గదిలోకి, మళ్ళీ వంటింట్లోకి. మిగతావాళ్ళ గొంతులు వస్తాయి గానీ అడుగులు వినపడవట. "ఆ నడక ఆగదు అక్కా. ఎప్పుడూ ఆగదు. మొదట్లో నాకు చాలా భయం వేసింది. ఈ ఇంట్లో ఏదో తిరుగుతోంది అనుకున్నాను" అంది.

ఆ సాయంత్రం కావేరి పని చేసుకుంటూనే చెవి ఒగ్గి విన్నది. "కావేరీ, మంచినీళ్ళు" అన్నాడు మనోహర్ కుర్చీలోంచి. ఆమె పాదాలు వెళ్ళాయి. "అమ్మాయ్, కాస్త ఆ కిటికీ ముయ్యి" అంది మాణిక్యాంబ, కిటికీ పక్కనే ఉన్న మంచం మీంచి. పాదాలు వెళ్ళాయి. "నా కళ్ళజోడెక్కడ?" పాదాలు వెళ్ళాయి. తను వెళ్తానని అనుకోకముందే అవి బయల్దేరుతున్నాయి. మధ్యలో ఒకసారి, చేతిలో చెంబుతో, వసారాలో టక్కున ఆగిపోయింది. అరక్షణం ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. అంత పెద్ద ఇంట్లో ఇంకెవరి అడుగూ లేదు. ఆమెకి తనంటేనే భయమేసింది. "ఆగిపోయావేం?" అన్నాడు మనోహర్ లోపల్నుంచి.

ఏప్రిల్ రెండో వారానికి ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున పెట్టిన విస్తరి పెట్టినట్టే ఉండి చీమలు పట్టింది. మూడయింది. తలుపు చప్పుడు కాలేదు. ఆ చప్పుడు కాకపోతే అంత భయమేస్తుందని కావేరి కలలో కూడా అనుకోలేదు. ఇంక పద్ధతీ గిద్ధతీ లేదు, పరుగున మెట్లెక్కింది. రేకుల గది నిప్పుల కొలిమిలా ఉంది. మార్తా గచ్చు మీద పడి ఉంది, పెదవులు అట్టకట్టి, కళ్ళు తేలేసి. వడదెబ్బ. కావేరి ఆమెని గది ముందున్న వసారా నీడలోకి లాక్కొచ్చి, తల ఒళ్ళో పెట్టుకుని, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది. కళ్ళు తెరిచాక ఉప్పు వేసిన మజ్జిగ చెంచాతో పోసింది. గంట తర్వాత మార్తా "అక్కా" అంది. అప్పుడే కింద మెట్ల మొదట్లో మనోహర్ కనపడ్డాడు.

"ముట్టుకున్నావా?"

"వడదెబ్బండీ. ప్రాణం పోయేట్టుంటే..."

"ముట్టుకున్నావా లేదా, అది చెప్పు."

"ముట్టుకున్నాను."

అతను తలుపు మూసేశాడు. గడియ పడింది.

కావేరి దిగి వచ్చి తలుపు కొట్టింది. "ఏవండీ" అంది. పలుకు లేదు. "అత్తయ్యా" అంది. లోపల గుసగుస వినపడింది, తలుపుకి అంటుకుని నిలబడి మాట్లాడుతున్నట్టు, స్పష్టంగా. "పలకమాకరా నాన్నా. చూశావా, అచ్చం మన కావేరి గొంతుతోనే పిలుస్తోంది!"

మాణిక్యాంబ నిజంగా నమ్మి అందో, లోపలికి రానివ్వకుండా ఉండటానికి వంక పెట్టిందో దేవుడికెరుక. మరి మనోహర్? డిగ్రీ చదివినవాడు, పద్ధెనిమిదేళ్ళు ఈ గొంతు విన్నవాడు. ఈ గొంతు పాడిన జోలపాటకి కూతురితో పాటు తనూ నిద్రపోయినవాడు. అతనన్నా అమ్మని కసురుతాడని కావేరి నిలబడింది. "నేనండీ, కావేరిని" అంది మూడోసారి. మూడో పిలుపుకి పలకొచ్చు, ఆ నియమం వాళ్ళదే. పలకలేదు. టీవీ గొంతు పెరిగింది. కావేరి మొహానికి జానెడు దూరంలో పసుపు అక్షరాలు, గుండ్రంగా, తన దస్తూరీలో. మొదటిసారి ఆ రాతని ఆమె బయటి మనిషిలా చదువుకుంది.

సాయంత్రం ఫోను వచ్చింది. "పద్నాలుగు రోజులు పైనే ఉండు. మనందరి మంచికే కదా" అన్నాడు మనోహర్. ఆరోగ్య శాఖ వాళ్ళు వచ్చి ఇద్దరికీ పరీక్ష చేశారు. మూడు రోజులకి ఇద్దరికీ ఏమీ లేదని కబురొచ్చింది. "ఇంకనేం, దిగి రానా?" అంది కావేరి ఫోన్లో. "అమ్మ భయపడుతోందే. రేపు చూద్దాంలే" అన్నాడు. ఐదో రోజున మార్తా కోసం వాళ్ళ దేశం ఆఫీసు నుంచి కారొచ్చింది, హైదరాబాదులో విమానం ఎక్కించడానికి. తన నీళ్ళు కాచుకునే కెటిల్‌నీ, చీరాలలో తను మొదటిసారి నేసిన వంకరటింకర అంచు గుడ్డనీ కావేరి చేతిలో పెట్టి, గట్టిగా కావలించుకుని వెళ్ళిపోయింది. కారు మలుపు తిరిగీ తిరగకముందే పూర్ణచంద్రరావు బక్కెట్టుతో వచ్చి, అది ఆగినచోట బ్లీచింగు కలిపిన నీళ్ళు కుమ్మరించాడు.

ఇప్పుడు పైమెట్టు మీదికి విస్తరి కావేరికి వస్తోంది. ఎర్రచుక్క గ్లాసు పద్ధెనిమిదేళ్ళకి మళ్ళీ ఆమె చేతిలోకే వచ్చింది. గోడ మీద గరిటె దెబ్బలు రెండు, ఆ వెంటనే పరిగెత్తి దిగిపోయే అడుగులు. అన్నం ఒకపూట పలుకు, ఒకపూట సంకటి. గంటకోసారి ఫోను. "పప్పులో నీళ్ళెన్ని పోస్తావు? అమ్మ బీపీ మాత్ర ఏది, తెల్లదా, గులాబీదా?" నువ్వెలా ఉన్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు. మొదటి ఐదు రోజులు కావేరికి కాలు నిలవలేదు. ఐదింటికల్లా లేచి, చెయ్యడానికి పనేమీ లేక, డాబా మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడిచింది. ఆరో నాడు కళ్ళు తెరిచేసరికి ఏడున్నర. పైకప్పు రేకు మీద కాకి గోళ్ళు గీరుతున్నాయి. గచ్చుకి చెవి ఆనించి విన్నది. కింద ఎవరూ నడవడం లేదు. గొంతులున్నాయి, ఒకటి కోపంగా, ఒకటి నీరసంగా. అడుగుల్లేవు. చాలాసేపు అలాగే పడుకుని విన్నది. మళ్ళీ లేచాక ఆమె పాదాలు తనని అడక్కుండా ఎక్కడికీ బయల్దేరలేదు.

ఆ మధ్యాహ్నమే తెనాలి నుంచి నాగజ్యోతి ఫోను చేసింది. బి.ఇడి.లో పక్క బెంచీ మనిషి, ఇప్పుడు సొంతంగా చిన్న బడి నడుపుతోంది. "బళ్ళు మూసేశారు కదే, పిల్లలకి ఫోన్లోనే చెబుతున్నాం. రెండో తరగతి తెలుగుకి మనిషి లేదు. నువ్వు చెప్పకూడదూ? మీ ఆయన్ని అడిగి చెప్పు, తొందరేం లేదు, రేపైనా సరే" అంది.

"రేపెందుకే, ఇవాళ్టి నుంచే చెబుతాను" అంది కావేరి. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. మనోహర్‌ని అడగాలన్న సంగతి మనసుకి తట్టనే లేదు.

రోజూ మూడింటికి క్లాసు. ఫోను కెటిల్‌కి ఆనించి పెట్టేది. గది తలుపు లోపలివైపు ఆకుపచ్చ రంగు, సుద్దముక్కకి బ్రహ్మాండంగా పనికొచ్చింది. పన్నెండు మంది పిల్లలు. "టీచర్, మీ ఇంట్లో తలుపు మీద రాస్తే తిట్టరా?" అని అడిగింది ఒక పిల్ల. "ఇది నా గదే తల్లీ" అంది కావేరి. మాట నోట్లోంచి వచ్చేశాక, గదంతా ఒకసారి కలియజూసింది. సాయి సుధకి ఈ సంగతి చెబితే ఫోన్లో కేకలేసింది. "అమ్మా, నువ్విక దిగమాకు!" అంది నవ్వుతూ. కావేరి నవ్వలేదు, ఆలోచించింది.

పద్నాలుగో రోజు మూడుంపావుకి గుణింతం చెబుతుండగా మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. బరువుగా, ఈసారి పరుగు లేకుండా, ఆగి ఆగి. తలుపు చప్పుడైంది. టక్, టక్.

"కావేరీ" అన్నాడు మనోహర్.

ఆమె సుద్దముక్కతో అలాగే నిలబడింది. పిల్లలు ఫోన్లోంచి చూస్తున్నారు.

"కావేరీ, పద్నాలుగు రోజులైపోయాయి. కింద తలుపు తీసే ఉంచా. అమ్మకి మంచం దిగడం కష్టంగా ఉంది, వెనక తలుపు దాకా వచ్చి కూలబడింది. సింకు నిండా గిన్నెలే. ఇల్లు ఇల్లులా లేదు." కాసేపు ఆగాడు. ఎలా ఉన్నావు అంటాడేమోనని కావేరి చూసింది. అబద్ధమెందుకు, ఊపిరి బిగబట్టి మరీ చూసింది. ఆ ఒక్క మాటా వచ్చి ఉంటే ఏం చేసి ఉండేదో ఆమెకీ తెలియదు.

"కావేరీ, వినపడుతోందా? సరైన టీ తాగి రెండు వారాలైందే!"

మూడో పిలుపు. మూడో పిలుపుకి పలకొచ్చు. కావేరి తలుపు దగ్గరికి వచ్చింది. సుద్దతో రాసిన గుణింతం మీద అరచెయ్యి ఆనించింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతోనే అంది.

"రేపు రండి."

అడుగులు ఒక్కొక్క మెట్టే దిగాయి, వచ్చినప్పటికంటే మెల్లిగా. కింద మాణిక్యాంబ గొంతు వణుకుతూ వినపడింది.

"పలికిందా?"

"పలికింది."

"ఏమందిరా?"

"రేపు రమ్మంది."

సముద్రపు హోరు ఒకటే. "ఎవర్రా అది?" అంది మాణిక్యాంబ. "మన కావేరేనా?"

"ఏమోనమ్మా" అన్నాడు మనోహర్. "గొంతు మాత్రం కావేరిదే."